ఈ కోరిక ఎవరిది?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో మూడు, మూడు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా, ఒకే విషయాన్ని మూడు వైపుల నుంచి తడుముతున్నాయి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా బావగారి ఇల్లు, మా ఇల్లు ఒకే వీధిలో ఉంటాయి. నిరుడు వాళ్ల అమ్మాయి ఓణీల వేడుకకు మా తోడికోడలు నక్షీ పనితో, కెంపులు పొదిగించి వడ్డాణం చేయించుకున్నది. అంతకుముందు నాకు వడ్డాణం మీద ధ్యాసే లేదు. మెడలో గొలుసు, చేతులకు నాలుగు గాజులు తప్ప బీరువాలో ఉన్న నగలు కూడా తీసి పెట్టుకునే అలవాటు లేనిదాన్ని. ఆ రోజు నుంచి మాత్రం ఏ పని చేస్తున్నా మనసు దాని మీదికే పోతున్నది. మావారికి కొనగల స్తోమత ఉన్నది, ఆయన వద్దనడమూ లేదు. కొనుక్కోవడానికి నాకే సిగ్గుగా ఉన్నది. మనుషుల కోరికలు ఎవరినో ఒకరిని చూసి పుట్టేవే తప్ప సొంతవి కావని ఒక ఫ్రెంచి పండితుడు చెప్పినట్లు ఎక్కడో చదివాను. అది నిజమేనా? నిజమైతే నాదంటూ ఒక్క కోరికైనా ఉంటుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చదివినది రెనె జిరార్ గురించి అయి ఉండాలి. ఆయన 1923లో దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోన్ పట్టణంలో జన్మించి, 1947లో అమెరికా వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయాలలో బోధిస్తూ అక్కడే స్థిరపడి, 2015లో స్టాన్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. ఆయన తన సిద్ధాంతాన్ని ప్రయోగశాలలో కనిపెట్టలేదు. సెర్వాంటెస్, స్టెండాల్, దోస్తోయెవ్‌స్కీ వంటి నవలాకారులను తరగతి గదిలో పాఠం చెబుతూ చెబుతూ పట్టుకున్నారు. 1961లో వెలువడిన మొదటి గ్రంథంలో ఆయన చెప్పినది ఇది: కోరే మనిషి, కోరిన వస్తువు అని ఇద్దరే ఉన్నారని మనం అనుకుంటాము గాని, ఆ ఇద్దరికీ మధ్య ఎప్పుడూ ఒక మూడో మనిషి ఉంటాడు, ఆ మనిషి దేనిని కోరుతున్నాడో, లేక కోరుతున్నట్లు మనకు కనిపిస్తున్నాడో, దానినే మనమూ కోరతాము. వస్తువుకు మెరుగు పెట్టేది ఆ మూడో మనిషి చూపే. జిరార్ ఆ మనిషిని మధ్యవర్తి అన్నారు.

ఇంతవరకు చెప్పి ఆగితే ఇది మన ఇళ్లలో ప్రతి ముసలమ్మకూ తెలిసిన సంగతే. పొరుగింటి పుల్లకూర సామెత పుట్టిన నేల మీద ఈ మాట చెప్పడానికి ఫ్రాన్సు నుంచి ఎవరూ రానక్కరలేదు. జిరార్ కొత్తగా చూపినది ఆ తరువాతి మెట్టు. ఆ మధ్యవర్తి మనకు ఎంత దూరంలో ఉన్నాడన్న దానిని బట్టి మన కోరిక రంగే మారిపోతుందని ఆయన అన్నారు.

దూరం ఉన్నప్పుడు ఏ చిక్కూ లేదు. 1970లలో వాణిశ్రీ గారి కొప్పు, ఆమె చీరకట్టు చూసి తెలుగునాట ఎందరో ఆడపిల్లలు అద్దం ముందు గంటలు గడిపారు. వారిలో ఒక్కరికైనా ఆవిడ మీద కడుపుమంట కలిగిందా? లేదు. ఆవిడ తెర మీద ఉన్నది, వీళ్లు నేల మీద ఉన్నారు. ఎంత అనుకరించినా ఇద్దరూ ఒకే వస్తువు కోసం చేతులు చాచే ప్రసక్తి రాదు. సెర్వాంటెస్ 1605లో సృష్టించిన డాన్ క్విక్సోట్‌దీ అదే పరిస్థితి. పాత వీరగాథలలోని అమాడిస్ అనే యోధుడు ఏమి చేస్తే అదే చేయాలన్నది అతని దీక్ష. విరహంతో అమాడిస్ కొండల్లో తపస్సు చేశాడు కాబట్టి తానూ సియెరా మొరేనా కొండలకు పోయి తపస్సు మొదలుపెడతాడు. పక్కవాళ్లకు నవ్వు వస్తుందే తప్ప, అమాడిస్‌కూ అతనికీ తగాదా రాదు. జిరార్ చెప్పిన దూరం గజాలలో, మైళ్లలో కొలిచేది కాదని కూడా ఇక్కడే తెలుస్తుంది. అతని సేవకుడు సాంచో పాంజా రాత్రింబవళ్లు డాన్ క్విక్సోట్ వెంటే ఉంటాడు, ఒక దీవికి పాలకుణ్ణి కావాలన్న ఆశ కూడా యజమాని మాటల వల్లనే అతనిలో పుట్టింది, అయినా ఇద్దరూ పోటీదారులు కారు. సేవకుడు, యజమాని అన్న తేడాయే వారి మధ్య గోడ.

ఆ గోడ లేనిచోట కథ మారుతుంది. సమానస్థాయిలో, ఒకే వీధిలో, ఒకే పేరంటానికి వెళ్లే ఇద్దరి మధ్య ఒకరి కోరిక రెండోవారికి అంటుకున్నప్పుడు, ఆదర్శంగా నిలిచిన మనిషే అడ్డంగానూ నిలుస్తాడు. స్టెండాల్ 1830 నాటి నవలలో ఒక చిన్న ఊరి మేయరు తన పిల్లలకు ఇంట్లో ఉండి చదువు చెప్పే గురువుగా ఒక కుర్రవాణ్ణి పెట్టుకోవాలనుకుంటాడు. పిల్లల చదువు మీద శ్రద్ధతో కాదు. ఆ ఊరిలో అతనికి సమవుజ్జీ అయిన వాలెనో అప్పుడే రెండు మేలుజాతి గుర్రాలు కొన్నాడు. వాలెనో ఇంట గురువు లేడు, రేపో మాపో ఈ కుర్రవాణ్ణే ఎత్తుకుపోవచ్చు! బేరం సాగుతుండగా కుర్రవాడి తండ్రి, గడుసువాడు, ఇంతకంటె మంచిది మాకు మరోచోట దొరుకుతుందని ఊరికే ఒక మాట విసురుతాడు. ఆ మరోచోటు వాలెనో ఇల్లేనని మేయరు తనంతట తానే అనుకుని జీతం పెంచుతాడు. అప్పటికి వాలెనో ఆ కుర్రవాడి ఊసైనా ఎత్తలేదు. ఎదుటివాడు నిజంగా కోరాడో లేదో కూడా అనవసరం. కోరుతున్నాడని మనకు తోస్తే చాలు.

మన సాహిత్యంలో దీనికి దుర్యోధనుడిని మించిన ఉదాహరణ లేదు. మయసభ అనగానే అందరికీ నీటిమడుగులో పడడం, నవ్వడం గుర్తుకు వస్తాయి. వ్యాసభారతం సభాపర్వంలో అతని బాధ అంతకంటె లోతుగా ఉన్నది. రాజసూయంలో రాజులు తెచ్చిన కానుకలను అందుకునే పని అతనికే అప్పగించారు. ఏ దేశం వారు ఏమి తెచ్చారో, అందుకుని అందుకుని తన చేతులు ఎలా అలిసిపోయాయో హస్తినకు తిరిగివచ్చి తండ్రికి అధ్యాయాల కొద్దీ ఏకరువు పెడతాడు. ధృతరాష్ట్రుడు అతణ్ణి అడిగిన ప్రశ్న గమనించండి: మేలైన వస్త్రాలు కడుతున్నావు, మాంసంతో కూడిన అన్నం తింటున్నావు, జాతిగుర్రాలు నిన్ను మోస్తున్నాయి, మరి ఎందుకు ఇలా పాలిపోయి చిక్కిపోతున్నావు? కొడుక్కు లోటు ఏదీ లేదు. అసంతృప్తే సంపదకు మూలమని, అందుకే దానిని కోరుకుంటున్నానని కొడుకు బదులు చెబుతాడు. చివరికి తండ్రి ఏమి చేశాడు? వేయి స్తంభాలతో, నూరు ద్వారాలతో హస్తినలోనూ ఒక సభ కట్టమని శిల్పులను పురమాయించాడు. పాండవుల సభకు పోటీగా కట్టిన ఆ సభలోనే జూదం జరిగింది. దుర్యోధనుడికి కావలసింది సభే అయితే, అది పూర్తయిన రోజున కథ ముగిసిపోవలసింది.

ఇక మీ సంగతి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీ తోడికోడలికి వడ్డాణం మీద మనసు కలిగింది కూడా మరొకరి నడుమున చూశాకే. పైగా మీరు గమనించని ఒక వైపు ఉన్నది. జిరార్ లెక్కలో ఆదర్శంగా నిలిచిన మనిషి కూడా ఖాళీగా కూర్చోడు, తనను చూస్తున్నవారిని చూస్తూ ఉంటాడు. బీరువా నిండా నగలు ఉండి కూడా నాలుగు గాజులతో తిరిగే మిమ్మల్ని చూసి ఆమె ఇన్నేళ్లూ ఏమనుకున్నదో మీకు తెలియదు. ఆ నిర్లక్ష్యమే ఆమెకు అందని ఆభరణంగా తోచి ఉండవచ్చు.

కొనాలా వద్దా అన్నదానికి నా సలహా ఇది. వడ్డాణం పెట్టుకుని ఉన్నట్లు మీరు ఊహించుకున్నప్పుడు ఆ ఊహలో మీ ఎదుట ఎవరు నిలబడి ఉన్నారో చూసుకోండి. రేపు పెళ్లి చేయబోయే మీ అమ్మాయో, అద్దమో అయితే నిస్సంకోచంగా చేయించుకోండి. కోరిక ఒకరిని చూసి మొదలైనంత మాత్రాన మీది కాకుండా పోదు. తోడికోడలే నిలబడి ఉంటే, ఆ నగ మీ ఇంటికి వచ్చాక కూడా ఆ చూపు పోదు, ఆమె తరువాత చేయించే హారం మీదికి మళ్లుతుంది. ఆ పరిస్థితిలో తరుగు, మజూరీ కింద పోయే డబ్బు తిరిగి రాదన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవడం మంచిది.

ప్రశ్న: కోరికలు అనుకరణ వల్ల పుడతాయని ఈమధ్య పత్రికలలో తరచు రాస్తున్నారు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి. అనుకరించకుండా ఏ పిల్లవాడూ అక్షరం దిద్దడు. అటువంటిదానిని ఒక జబ్బులా చెప్పడం సమంజసమా? రెండోది, అందరూ ఒకరిని చూసి ఒకరు కోరితే మొట్టమొదట కోరినవాడు ఎవరిని చూసి కోరాడు? మూడోది, కామక్రోధాల గురించి మన పెద్దలు చెప్పినదానికీ దీనికీ భేదమేమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయులు, హనుమకొండ

జవాబు: జబ్బు అన్నవారు జిరార్ కారు, ఆయనను సగం చదివినవారు. భాష, సంగీతం, వ్యవసాయం, భక్తి — అన్నీ అనుకరణతోనే అబ్బుతాయని ఆయనకు తెలుసు. మనిషి జంతువు నుంచి వేరుపడింది ఈ శక్తి వల్లనే అని కూడా ఆయన అభిప్రాయం. నైపుణ్యాన్ని పదిమంది అనుకరిస్తే పదిమందికీ దక్కుతుంది, ఒకరి వాటా మరొకరికి తగ్గదు. మీ తరగతిలో నలభై మంది అందంగా రాయడం నేర్చుకుంటే ఎవరికి నష్టం? మొదటి ర్యాంకును నలభై మంది కోరితే మాత్రం కథ వేరు. అనుకరణ ఒకటే, పంచుకోవడానికి వీలులేని వస్తువు మధ్యలోకి వచ్చినప్పుడు అదే అనుకరణ కలహమవుతుంది.

మీ రెండో ప్రశ్న చాలామంది విమర్శకులు వేసినదే. ఆకలి, దప్పిక, చలి వంటి అవసరాలకు మధ్యవర్తి అక్కరలేదని జిరార్ కూడా ఒప్పుకున్నారు. అవి తీరిన తరువాత ఏమి కావాలో మనిషికి ఇదమిత్థంగా తెలియదు, అక్కడి నుంచే చుట్టూ చూడడం మొదలవుతుంది. ఇక మొట్టమొదటివాడు అంటూ ఉండవలసిన అవసరం లేదు. గది నిండా బొమ్మలు ఉన్నచోట ఇద్దరు పసివాళ్లను వదిలి చూడండి. ఒకడు అన్యమనస్కంగా ఒక లారీ బొమ్మ మీద చేయి వేస్తాడు; అది రెండోవాడికి కోరికగా కనిపిస్తుంది, వాడు చేయి చాస్తాడు; ఆ చాచిన చేయిని చూసి మొదటివాడికి ఆ బొమ్మ మీద నిజంగానే మమకారం పుట్టి గట్టిగా పట్టుకుంటాడు. మిగిలిన బొమ్మలు అలాగే పడి ఉంటాయి. ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఇద్దరూ రెండోవాడి పేరే చెబుతారు, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

మూడో ప్రశ్న మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలని ఉంది. గీత రెండో అధ్యాయంలోని ‘ధ్యాయతో విషయాన్ పుంసః’ శ్లోకం మీకు కంఠస్థమై ఉంటుంది. విషయాలను చింతించేవాడికి వాటి మీద సంగం, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం పుడతాయని అక్కడి క్రమం. ఆ వరుసలో ఉన్నది మనిషి, విషయం. మరో మనిషి కనిపించడు. అందువల్ల మన సంప్రదాయంలోని చికిత్స కూడా ఇంద్రియాలను విషయాల నుంచి మళ్లించడం మీద నిలిచింది. జిరార్ ఆ రెండింటి మధ్య మూడో మనిషిని నిలబెట్టారు. కామం నుంచి క్రోధం ఎందుకు పుట్టాలి అన్న ప్రశ్నకు ఆయన దగ్గర సూటి సమాధానం ఉన్నది: కోరిక ఎవరి నుంచి వచ్చిందో ఆ మనిషే దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు కనుక. అరిషడ్వర్గంలో మనం మాత్సర్యాన్ని ఆరోదిగా, చిట్టచివర లెక్కపెడతాము. జిరార్‌ను అడిగితే దానినే మొదట పెట్టి, మిగిలిన అయిదింటినీ దాని సంతానం అని ఉండేవారు. నా మట్టుకు, ఈ ఒక్క విషయంలో ఆయన వైపే మొగ్గుతాను. పట్టాభిషేకం వార్త వినగానే సంతోషంతో మంథరకు నగ బహూకరించిన కైక మనసు మారింది రాజ్యం గొప్పదనం విని కాదు. కౌసల్య రాజమాత అవుతుంది, నువ్వు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడతావు అన్న మాట విని.

జిరార్ మన గ్రంథాల జోలికి రాలేదనీ అనుకోకండి. 2002లో పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఆయన చేసిన ఉపన్యాసాలకు వస్తువు బ్రాహ్మణాలు అనే, యజ్ఞాలను వివరించే వైదిక గ్రంథాలే. దేవతలూ అసురులూ ఇద్దరూ ప్రజాపతి సంతానమే. ఇద్దరూ ఒకే వస్తువు కోసం మళ్లీ మళ్లీ తలపడతారు, ప్రతిసారీ యజ్ఞం వల్ల దేవతలు గెలుస్తారు. సమానుల మధ్య పోటీ ముదిరినప్పుడు దానిని చల్లార్చేది బలి అన్న తన మరో సూత్రం అక్కడ అచ్చుగుద్దినట్లు ఆయనకు కనిపించింది. ఆయనకు సంస్కృతం రాదు, ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ 1898లో ప్రచురించిన పరిశోధన మీద ఆధారపడ్డారు. కాబట్టి ఆ వ్యాఖ్యానాన్ని వేదపండితులు ఎంతవరకు అంగీకరిస్తారన్నది వేరే చర్చ.

ఆయనతో నాకు ఉన్న పేచీ మరొకటి. ఒక్క తాళంచెవితో అన్ని గదులూ తెరవాలన్న పట్టుదల ఆయనది. మతం, బలి, యుద్ధం, ప్రేమ — అన్నింటికీ అదే సమాధానం చెప్పే సిద్ధాంతాన్ని పరీక్షించడం కష్టం. అలాగని పరీక్షకు నిలిచిన రుజువులు అసలే లేవనడానికీ వీలులేదు; అవి ఆయన పుస్తకాల బయట ఉన్నాయి. లీ డుగాట్కిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 1992లో గప్పీ చేపల మీద జరిపిన ప్రయోగాలలో, ఒక మగచేప పక్కన మరో ఆడచేప ఉండడాన్ని చూసిన ఆడచేప ఆ తరువాత ఆ మగచేప వైపే ఎక్కువగా మొగ్గింది. గాజుతొట్టెలో పెంచుకునే ఆ చిన్న చేపకు నవలలు చదివే అలవాటు లేదు కదా!

ప్రశ్న: నేను వ్యవసాయ మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఎనిమిదో తరగతి నుంచి నా పక్కన కూర్చుని పంపుసెట్లు విప్పి బిగించేవాడు, మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతాననేవాడు. ఇంటర్‌కు హాస్టల్లో చేరాక అతని గదిలో ఉన్న పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్ అనేసరికి ఇతనూ అదే పట్టు పట్టాడు. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లలో ఏ కళాశాల అయినా సరే, సీఎస్‌ఈ తప్ప మరొకటి పెట్టనంటున్నాడు. ఇతరులను చూసి పెంచుకున్న ఈ కోరికను మాన్పించి, అతని సొంత కోరిక వైపు మళ్లించడం ఎలా?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇతరులను చూసి అదే చేయడం అన్నివేళలా కోరిక అంటుకోవడం వల్లనే జరగదు, తెలియనితనం వల్లనూ జరుగుతుంది. అభిజిత్ బెనర్జీ — 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారు — 1992లో రాసిన ఒక పత్రంలో రెండు హోటళ్ల ఉదాహరణ ఇచ్చారు. వంద మంది ఉన్నారు. పక్కపక్కన ఉన్న రెండు హోటళ్లలో మొదటిది రవ్వంత మేలని అందరికీ ఒక సాధారణ అభిప్రాయం ఉన్నది. కాని తొంభై తొమ్మిది మందికి రెండోదే మంచిదని విడివిడిగా కబురు అందింది, ఒక్కడికి మాత్రం మొదటిదని అందింది. ఆ ఒక్కడు అందరికంటె ముందు వచ్చి మొదటి హోటల్లో కూర్చుంటాడు. తరువాత వచ్చినవాడు, ఇతనికి ఏదో తెలిసి ఉంటుందనుకుని, తన కబురును పక్కనపెట్టి అటే వెళతాడు. అక్కడి నుంచి ప్రతివాడూ అంతే. చివరికి రెండో హోటలు ఖాళీ. వీరిలో ఎవరూ మూర్ఖులు కారు, ఎవరికీ అసూయ లేదు. చేతిలో ఉన్న కొద్దిపాటి సమాచారంతో ప్రతివాడూ తెలివిగానే నడుచుకున్నాడు.

మీ అబ్బాయి గదిలో జరిగినది ఇందులో ఏదన్నది నేను ఇక్కడి నుంచి చెప్పలేను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు 1990ల చివరి నుంచి ఎన్నో తెలుగు కుటుంబాల స్థితిగతులను మార్చిన మాట వాస్తవం కనుక, ఆ పిల్లల మాటలో పస లేదనడానికి వీలులేదు. సమాచారం కొరత అయితే మందు సులువు. మీకు అందుబాటులో ఉన్న కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్న సీఎస్‌ఈ విద్యార్థి ఒకరితోనూ, మెకానికల్ విద్యార్థి ఒకరితోనూ అబ్బాయిని ఒక పూట కూర్చోబెట్టండి; ల్యాబ్‌లు ఎలా ఉన్నాయి, పాఠం చెప్పేవారు ఉన్నారా, నిరుడు ఏ కంపెనీలు వచ్చాయి అన్నవి అతణ్ణే అడగనివ్వండి. ఏ కళాశాల అయినా సరే అన్న మాట ఆ తరువాత నిలవదని నా నమ్మకం.

మీ ఉత్తరంలో నేను ఒప్పుకోలేనిది ‘సొంత కోరిక’ అన్న మాటను. మెకానికల్ మీది ఇష్టం అతనిలో ఎక్కడ పుట్టింది? మీ షాపులో, మీ పక్కన, మీ చేతుల్లో స్పానర్ తిరగడం చూస్తూ. అక్కడ ఆదర్శం మీరు. ఇప్పుడు గదిలోని స్నేహితులు. రెండూ చూసి పుట్టినవే. మొదటిది మిమ్మల్ని చూసి పుట్టింది కనుక మీకు సహజంగా కనిపిస్తున్నది. అతను మెకానికల్ వదిలేస్తే మీ పనినే కాదన్నట్లు మీకు తోస్తున్నదేమో, అది కూడా ఒకసారి చూసుకోండి. ఈ మాట అతనితో మీరే పైకి అనగలిగితే, పట్టు రెండు వైపులా సడలుతుంది.

ఒక కాగితం మీద, రెండు బ్రాంచీలనూ కలిపి, కళాశాలల వారీగా అతణ్ణే వరుస రాయమనండి. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే గడువు వరకు ఆ వరుసను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు కనుక, మొదటి రోజున రాసినదాని మీద ఇంట్లో వాదన పెట్టుకోవద్దు.